చప్పుడు కాకుండా చేసిన పాపం

1959 మార్చి 3న, అప్పటికి బ్రిటిష్ పాలనలో ఉన్న కెన్యాలోని హోలా నిర్బంధ శిబిరంలో 11 మంది ఖైదీలు చనిపోయారు. ఆ పాలనపై సాయుధంగా తిరగబడ్డ మౌమౌ ఉద్యమం పేరుతో పట్టి తెచ్చినవాళ్లు. బండిలో తెచ్చిన నీళ్లు తాగాక ప్రాణాలు పోయాయని వలస ప్రభుత్వం మొదట ప్రకటన ఇచ్చింది. కాలువ తవ్వకానికి బలవంతంగా దింపి, కాపలావాళ్లు దుడ్డుకర్రలతో బాదిన దెబ్బలకే చచ్చారని విచారణలో తేలింది. ఆఫ్రికాలో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి కుదరదని బ్రిటిష్ పార్లమెంటులో నిలదీసినవారిలో అధికారపక్ష సభ్యుడు ఈనాక్ పావెల్ ఒకరు. తర్వాతి కాలంలో బ్రిటన్‌కు వలస వచ్చినవాళ్ల మీద నిప్పులు కక్కిన పావెలే!

హోలా చేయిజారి బయటపడ్డ ఘటన. మిగతావి బయటపడకుండా చూసుకున్నారు. పాపం చేయక తప్పదంటే చప్పుడు కాకుండా చేయాలని 1957లోనే కెన్యా అటార్నీ జనరల్ గ్రిఫిత్ జోన్స్ గవర్నర్‌కు రాశాడు. స్వాతంత్ర్యం దగ్గరపడేసరికి ఆ సలహా ఫైళ్లకూ వర్తించింది. లండన్‌కు ఇబ్బంది కలిగించే కాగితాలేవీ కొత్త ప్రభుత్వాల చేతికి వెళ్లరాదని 1961లో బ్రిటన్ వలస రాజ్యాల మంత్రి ఇయాన్ మెక్లియాడ్ ఆదేశించాడు. రహస్య ఫైళ్లను యూరోపియన్ సంతతి అధికారులు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. కాల్చితే బూడిదను కూడా నలిపెయ్యాలి. సముద్రంలో పడేస్తే పెట్టెలకు బరువు కట్టి, తీరానికి దూరంగా, ప్రవాహం లేని లోతుల్లో వదలాలి. ఇంత శ్రద్ధ ఖైదీల తిండి మీద పెట్టి ఉంటే బాగుండేది.

కాల్చగా మిగిలినవి ఇంగ్లండ్ చేరాయి. 1963 డిసెంబర్ 12న కెన్యా జెండా ఎగిరింది. నాలుగేళ్లకే నైరోబీ ఆ కాగితాలు అడిగితే లండన్ కుదరదంది. చిత్రహింసలు పడ్డ వృద్ధులు కోర్టుకెక్కాక, 2011లో హాన్‌స్లోప్ పార్క్ అనే ప్రభుత్వ స్థావరంలో దాదాపు 1,500 కెన్యా ఫైళ్లున్నాయని ఒప్పుకోక తప్పలేదు. 2013లో 5,228 మందికి లాయర్ల ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామని, జరిగినదానికి చింతిస్తున్నామని బ్రిటన్ విదేశాంగ మంత్రి విలియం హేగ్ చెప్పాడు. చట్టపరమైన బాధ్యత మాత్రం మాది కాదన్నాడు. 2023లో నైరోబీ వెళ్లిన రాజు చార్లెస్ కూడా ఆ హింసకు సాకులు చెప్పలేమన్నాడే గానీ, క్షమాపణ మాట ఎత్తలేదు.

తప్పంతా లండన్‌దే అంటే సగం నిజమే అవుతుంది. జైలు నుంచి వచ్చి స్వతంత్ర కెన్యా గద్దెనెక్కిన జోమో కెన్యాట్టా మౌమౌను పోయిన జబ్బులా మాట్లాడాడు. అడవిలో పోరాడినవాళ్లకు భూమి దక్కలేదు, బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలిచినవాళ్లలో చాలామంది బాగుపడ్డారు. మౌమౌపై వలసపాలకులు పెట్టిన నిషేధం 2003 దాకా అలాగే ఉంది. పాత కాగితాలు తెరిస్తే ఏ పెద్దింటి పేరు బయటికొస్తుందోనన్న టెన్షన్ నైరోబీలోనూ ఉండేదనుకోవడం తప్పు కాదు. 1957లో ఉరితీసి కమితి జైలు ఆవరణలో పాతిపెట్టిన మౌమౌ నాయకుడు దెదాన్ కిమాతి సమాధి కోసం భార్య ముకామి దశాబ్దాలు అడిగింది. 2023లో ఆమె పోయేనాటికీ ఆ చోటు తెలియలేదు.

ఆ ఫైళ్లు ఇప్పుడు లండన్‌ శివార్లలోని క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చంటారు. కెన్యాలోని న్యేరి పల్లెలో ముసలివాడు వీసా తీసుకుని క్యూ వెళ్లాలా? అసలు ప్రతులు నైరోబీకి చేరాలి. కాల్చినవాటికి అప్పటి అధికారులు రాసుకున్న ధ్రువపత్రాలు ఎన్ని మిగిలితే అన్నీ వాటితో పాటు రావాలి. కెన్యా ప్రభుత్వం వాటిని తాళం వెయ్యకుండా జనం ముందు పెట్టాలి.