ఉపాధ్యక్షులు ఐదుగురు, ఎన్నికలు సున్నా

దక్షిణ సూడాన్‌ని ఊరికే ఆడిపోసుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రజాస్వామ్యం లేదంటారు, పత్రికా స్వేచ్ఛ లేదంటారు, యుద్ధం ఆగడం లేదంటారు. సరే, ఒక దేశం అనిపించుకోవడానికి ఏమేం కావాలో లిస్టు రాసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ రండి. జెండా ఉంది. రాజ్యాంగం ఉంది, అందులో భావప్రకటనా స్వేచ్ఛకి విడిగా ఒక అధికరణం కూడా ఉంది. పార్లమెంటులో 550 సీట్లు ఉన్నాయి, అంటే 140 కోట్ల మందికి మనం ఎన్నుకునే లోక్‌సభ సభ్యులకన్నా ఏడు ఎక్కువే. ఆ 550 మందిలో ఒక్కరినీ జనం ఎన్నుకోలేదు, 2018 శాంతి ఒప్పందం ప్రకారం పార్టీలు కూర్చుని పంచుకున్నాయి, అంతే. ఎన్నికల ఖర్చు మిగిలింది కదా, దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

ఇక పైన అధ్యక్షుడు సాల్వా కీర్, కింద ఐదుగురు ఉపాధ్యక్షులు. ఐదుగురు ఉపముఖ్యమంత్రుల్ని చూసిన ఆంధ్రావాళ్లకి ఇదేం వింత కాదనుకోండి. పది రాష్ట్రాలతో మొదలైన దేశాన్ని 2015లో 28 చేశారు, 2017లో 32 చేశారు, 2020లో మళ్లీ పదికి తెచ్చారు. మన తెలంగాణ పది జిల్లాల నుంచి 33కి వెళ్లి ఆగిపోయింది, వెనక్కి రావడం ఎలాగో వాళ్లని చూసి నేర్చుకోవాలి. మధ్యలో గవర్నర్ ఉద్యోగం వచ్చి పోయినవాళ్ల బాధ మాత్రం వర్ణనాతీతం.

ఎన్నికలు ఎప్పుడూ జరగలేదని ఇంకో అభాండం. 2011 జనవరిలో రెఫరెండం జరిగింది, జనం ఎండలో గంటలకొద్దీ క్యూలో నిలబడి 98.83 శాతం మంది సూడాన్ నుంచి విడిపోదామన్నారు. అంతకు ముందు ఏడాది, ఇంకా సూడాన్‌లో ఒక ప్రాంతంగా ఉన్నప్పుడు, కీర్ గారు 93 శాతం ఓట్లతో గెలిచారు. 2011 జూలై 9న దేశం పుట్టాక ఆ ఒక్క గెలుపుతోనే బండి నడుస్తోంది, అంత మన్నికైన మెజారిటీ మరి. 2015లో జరగాల్సిన ఎన్నికలు 2018కి వెళ్లాయి, అప్పటివి 2021కి, తర్వాత 2024 డిసెంబర్‌కి, అదీ దగ్గరపడేసరికి 2026 డిసెంబర్ 22కి. ప్రతిసారీ కారణం సబబుగానే ఉంటుంది. జనాభా లెక్కలు కాలేదు, శాశ్వత రాజ్యాంగం రాయడం అవలేదు, డబ్బుల్లేవు. ఈ మూడు పనులూ చేయాల్సింది ఎవరు అని మాత్రం అడక్కండి, అది వ్యక్తిగతం.

ఉపాధ్యక్షుల్లో మొదటి ఉపాధ్యక్షుడి పోస్టు గురించి కాస్త చెప్పుకోవాలి. అప్పటి ఉపాధ్యక్షుడు రీక్ మచార్‌ని కీర్ 2013 జూలైలో పదవి నుంచి తీసేశారు, అదే ఏడాది డిసెంబర్‌లో ఇద్దరి వైపు సైనికుల మధ్య కాల్పులు మొదలై ఐదేళ్ల యుద్ధంగా మారింది. పోయిన ప్రాణాలు దాదాపు నాలుగు లక్షలని ఒక అంచనా, ఇక్కడ నాకు జోకు రావడం లేదు. 2015లో సంధి చేసుకుంటే 2016 ఏప్రిల్‌లో మచార్ మళ్లీ ఉద్యోగంలో చేరారు, జూలైలో రాజధాని జూబాలో మళ్లీ కాల్పులు జరిగితే అడవుల్లో పడి కాలినడకన కాంగో దాకా వెళ్లారు, ఆ గొడవలోనే మన వాయుసేన విమానాలు వెళ్లి అక్కడి భారతీయుల్ని వెనక్కి తెచ్చాయి. 2018లో ఇంకో ఒప్పందం కుదిరింది. 2019లో 82 ఏళ్ల పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌కి పిలిపించి, మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరి కాళ్లకీ ముద్దు పెట్టి శాంతిగా ఉండమని బతిమాలారు. 2020 ఫిబ్రవరిలో మచార్ మూడోసారి జాయినయ్యారు. 2025 మార్చిలో గృహనిర్బంధం, సెప్టెంబర్‌లో దేశద్రోహం, హత్య కేసులు. ఇంత ఉద్యోగ భద్రత ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉందో చెప్పండి, తీసేసినా పిలుస్తారు, పారిపోయినా పిలుస్తారు, చివరికి ఇల్లు కదలక్కర్లేకుండా చేస్తారు.

ఇప్పుడు స్వేచ్ఛ సంగతి. 2022 డిసెంబర్‌లో ఒక రోడ్డు కార్యక్రమంలో జాతీయగీతం వినిపిస్తోంది, అధ్యక్షుడు నెత్తిన తన నల్లటోపీతో నిలబడి ఉన్నారు, బూడిదరంగు ప్యాంటు మీద తడి మరక మెల్లగా కిందికి దిగింది, ఆయన ఒకసారి వంగి చూసుకున్నారు, కెమెరా పక్కకి తిరిగింది. డెబ్బై దాటిన మనిషికి అలా జరిగితే నవ్వేవాడు మనిషే కాదు. నవ్వు తర్వాతి భాగానికి దాచుకోండి. ఆ వీడియో ఫోన్లలో తిరిగిందని ప్రభుత్వ టీవీలో పనిచేసే ఆరుగురిని జాతీయ భద్రతా విభాగం పట్టుకెళ్లింది. 24 గంటల్లో జడ్జి ముందు హాజరుపరచాలని అక్కడి చట్టం చెబుతోంది, కొందరికి మాత్రం ఆ 24 గంటలు వారాల తరబడి సాగాయి. రాజ్యాంగంలోని ఆ అధికరణం మాత్రం చెక్కుచెదరలేదు, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి.

ఆ భద్రతా విభాగానికి వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉంచాలా వద్దా అని 2024లో పార్లమెంటు ఒక బిల్లు పాస్ చేసింది, ఉంచాలనే. కీర్ గారు దాని మీద సంతకమూ పెట్టలేదు, వెనక్కీ పంపలేదు. 30 రోజులు గడిచాక అదే చట్టమైపోయింది. చేయి కదపకుండా పాలించడం అంటే ఇదీ.

అయినా నన్ను కదిలించేది వీళ్ల అంతర్జాతీయ ప్రతిష్ఠ. పుట్టిన ఐదు రోజులకి ఐక్యరాజ్యసమితిలో 193వ సభ్యదేశం, అదే నెలలో ఆఫ్రికన్ యూనియన్, 2012లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఫిఫా, 2016లో తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీ. ఎక్కడా ఎన్నికలు ఎప్పుడని అడిగినవాళ్లు లేరు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మాత్రం చేరలేదు, అన్నిట్లో చేరితే బాగోదని కాబోలు. దాని బదులు యుద్ధ నేరాలకి ఆఫ్రికన్ యూనియన్ ఒక ప్రత్యేక కోర్టు పెట్టాలని 2015 ఒప్పందంలో రాసుకున్నారు, 2018 ఒప్పందంలోనూ రాసుకున్నారు, కోర్టు ఇంకా తెరవనేలేదు.

తూర్పు ఆఫ్రికా కమ్యూనిటీకి కట్టాల్సిన చందాలు పేరుకుపోయి ఉండగానే 2023 నవంబర్‌లో కీర్‌ని ఏడాదిపాటు దానికి అధ్యక్షుణ్ణి చేశారు. అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ ఎగ్గొట్టేవాణ్ణే అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని చేసినట్టు అని మీరనచ్చు, కానీ బాకీ విలువ బాకీదారుకే కదా తెలిసేది.

అన్నిటికన్నా గొప్పది న్యూయార్క్‌లో జరిగింది. ఐక్యరాజ్యసమితికి రెండేళ్ల చందా బాకీ పడితే జనరల్ అసెంబ్లీలో ఓటు పోతుంది. 2023 జనవరిలో అలా ఓటు పోగొట్టుకున్న దేశాల్లో దక్షిణ సూడాన్ ఒకటి. ఓటు తిరిగి రావాలంటే కట్టాల్సిన కనీస మొత్తం 1,96,130 డాలర్లు. 2018లో ఇదే ప్రభుత్వం కార్లు కొనుక్కోమని ఒక్కో ఎంపీకి 40,000 డాలర్లు ఇచ్చింది, అంటే ఐదు కార్ల పాటి లేదు ఆ బాకీ. రోడ్ల కోసమని కేటాయించిన చమురు డబ్బులో 170 కోట్ల డాలర్లకి లెక్క తేలడం లేదని 2025లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ రిపోర్టు రాస్తే, ప్రభుత్వం అదంతా అబద్ధమంది. ఉద్యోగులకి నెలల తరబడి జీతాల్లేవు, జనాభాలో సగానికి పైగా తిండికి కటకట, ప్రపంచ అవినీతి సూచీ 2024లో 180 దేశాల్లో 180వ స్థానం. ఇన్ని ఉండి కూడా ఆ రెండు లక్షలు వెంటనే కట్టలేదంటే అది పేదరికం అనుకోను నేను, నైతికత అనుకుంటాను. దేశం పుట్టినప్పటి నుంచీ జనానికి లేని ఓటు ప్రభుత్వానికి మాత్రం ఎందుకుండాలి? ఇంత కచ్చితమైన సమానత్వం స్కాండినేవియాలో కూడా చూపించలేరు.

ఇక మిగిలింది 2026 డిసెంబర్ 22. జనాభా లెక్కలు కాలేదు, శాశ్వత రాజ్యాంగం రాయలేదు, పోటీ చేయాల్సిన ప్రధాన ప్రత్యర్థి కేసుల్లో ఉన్నాడు, కాబట్టి ఏర్పాట్లు ఎప్పటిలాగే సజావుగా ఉన్నాయి. నాదొక్కటే సలహా, వాయిదా ప్రకటన ఇప్పుడే టైపు చేయించి పెట్టుకోండి, తేదీ దగ్గర ఖాళీ వదిలితే చాలు. ఆ రోజు జూబాలో కరెంటు ఉంటుందో ఉండదో.