ఆగిన ప్లాంటు చల్లగా ఉంటుందనుకోవద్దు

ఫ్యాక్టరీ నడుస్తుంటేనే ప్రమాదం, ఆపేస్తే భయం లేదని చాలామంది నమ్మకం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో జరిగింది చూశాక కూడా అలా నమ్మడం నాకు అర్థం కాదు.

లాక్‌డౌన్‌తో అక్కడి ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టే ఏర్పాట్లు జరుగుతుండగా ఎం6 అనే ట్యాంకులోంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవ రసాయనం) ఆవిరి ఊరి మీద పడి 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ దానంతట అదే పాలిమర్‌గా, అంటే ప్లాస్టిక్‌గా మారుతూ వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా మారుతుంది, అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ఆ మార్పుని అడ్డుకునే టీబీసీ అనే రసాయనం (ఇన్హిబిటర్) తగ్గకుండా చూసుకోవాలి. అక్కడ సరిపడా టీబీసీ లేదు. చిల్లింగ్ సిస్టమ్‌ని రాత్రిళ్లు ఆపేసేవారు. ఉష్ణోగ్రత ట్యాంకు అడుగునే కొలిచారు కాబట్టి పైభాగం కాగిపోతున్నా రీడింగులో కనబడలేదు. సైరన్ కూడా మోగలేదు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఇవన్నీ బయటపెట్టింది.

అంటే స్టార్టప్ జాగ్రత్త స్విచ్ వేసే రోజున కాదు, షట్‌డౌన్ చేసిన రోజునే మొదలవ్వాలి. ట్యాంకులో ఏం మిగిలింది, ఎన్నాళ్లుంటుంది, రోజూ ఎవరు చూస్తారు? వీటికి కాగితం మీద జవాబు లేకపోతే ప్లాంటు ఆపడానికే అనుమతి ఉండకూడదంటాను.

అమెరికాలో టెక్సాస్ సిటీ బీపీ రిఫైనరీ సంగతీ ఇంతే. 2005 మార్చి 23న మెయింటెనెన్స్ తర్వాత ఒక యూనిట్‌ని స్టార్ట్ చేస్తుంటే ఇంధన ద్రవాన్ని వేరుచేసే టవర్ పొంగిపోయింది. కంట్రోల్ రూమ్‌లో లెవెల్ తగ్గుతున్నట్టు కనిపిస్తోంది, లోపల మాత్రం నిండిపోతోంది. మట్టం మరీ పెరిగితే హెచ్చరించాల్సిన రెండో హై లెవెల్ అలారం పనిచేయలేదు. పొంగిన ద్రవం ఆవిరై అంటుకుని పేలడంతో 15 మంది పోయారు. కంట్రోల్ బోర్డు ముందున్న ఆపరేటరు అప్పటికి 29 రోజులుగా సెలవు లేకుండా రోజుకు 12 గంటలు పనిచేస్తున్నాడు. అలసిపోయిన మనిషిని, చెడిపోయిన మీటరుని కలిపి స్టార్టప్‌కి దింపారు.

విశాఖ ఘటన తర్వాత రెండు రోజులకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మంచి మాటే చెప్పింది: మొదటి వారాన్ని ట్రయల్ రన్‌గా చూడండి, ఎక్కువ ఉత్పత్తి కోసం పరుగెత్తకండి అని. అది లాక్‌డౌన్‌తో పోకూడదు. పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల్లో నెల రోజులు ఆగిన ప్రతి యూనిట్‌కీ వర్తించాలి. స్టార్టప్ తేదీ డిస్పాచ్ ఆర్డరుని బట్టి కాకుండా చెక్‌లిస్ట్‌ని బట్టి ఖాయం కావాలి, దాని మీద మేనేజరుతో పాటు రాత్రి షిఫ్ట్ ఆపరేటరు కూడా సంతకం పెట్టాలి. అతను పెట్టనంటే ఆ రోజుకి స్టార్టప్ లేదు, అతని జీతంలో రూపాయి కోయకూడదు.