చక్కెర మానేస్తే కాలేయ క్యాన్సర్ మాడుతుందా?

క్యాన్సర్ అని తేలిన ఇంట్లో ముందుగా మాయమయ్యేది చక్కెర డబ్బా. క్యాన్సర్ కణాలు చక్కెరతోనే బతుకుతాయన్న వాట్సాప్ సందేశంలో కొంత నిజం లేకపోలేదు. ఆక్సిజన్ చాలినంత ఉన్నా కణితి కణాలు గ్లూకోజ్‌ను పూర్తిగా మండించకుండా లాక్టేట్‌గా మార్చి పారేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బుర్గ్ 1920లలోనే బెర్లిన్‌లో గమనించారు. ఆ దారిలో ఒక గ్లూకోజ్ అణువుకు దక్కేవి 2 ఏటీపీలే (కణం శక్తిగా వాడుకునే అణువులు). కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియా దాకా వెళ్తే 30 వరకూ దక్కుతాయి. పైకి దుబారాలా కనిపించినా, వేగంగా విభజన చెందే కణానికి కావలసిన ముడిసరుకు ఈ దారిలోనే సమకూరుతుంది.

కాలేయ క్యాన్సర్‌లో ఈ అలవాటు కణాలన్నింటిలోనూ ఒకేలా ఉండదు. మందులకు లొంగక, చికిత్స తర్వాత కణితిని మళ్లీ మొలిపించగల మూలకణాలు కొన్ని ఉంటాయి. సీడీ133 అనే ఉపరితల ప్రోటీన్ వాటికి ఒక గుర్తు. ఆ గుర్తున్న కణాల్లో గ్లూకోజ్‌ను విరగ్గొట్టే జన్యువులు చురుగ్గానూ, దానిని తయారుచేసే జన్యువులు మందకొడిగానూ ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. ఒంటికంతటికీ చక్కెర సరఫరా చేయవలసిన అవయవంలో పుట్టిన కణం, ఆ పని మానేసి తాను తినడమే నేర్చుకుందన్నమాట. పీడీకే4 అనే ఎంజైమ్, గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ను మైటోకాండ్రియాలో మండనివ్వదు. ఆరోగ్యవంతమైన కాలేయంలో సమృద్ధిగా ఉండే మైక్రోఆర్ఎన్ఏ-122 (జన్యువుల జోరును తగ్గించే చిన్న ఆర్ఎన్ఏ తునక) దానిని అదుపులో ఉంచుతుంది. ఈ మూలకణాల్లో ఆ అదుపు సడలుతుంది.

మరి చక్కెర మానితే ఇవి మాడవా? మాడవు, అందుకు కారణం కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌ను పట్టి వాడకానికి సిద్ధంచేసే హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్. మామూలు కాలేయ కణంలో ఉండే దాని రకం గ్లూకోకైనేజ్, రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడే జోరుగా పనిచేస్తుంది. క్యాన్సర్ కణం దానిని వదిలి హెక్సోకైనేజ్-2 అనే మరో రకాన్ని పట్టుకుంటుంది. పరగడుపున డెసిలీటరు రక్తంలో ఉండే 70–100 మిల్లీగ్రాముల గ్లూకోజ్‌లో పదో వంతు దొరికినా దీనికి చాలు. మనం తినకపోతే శరీరం కండరాన్ని కరిగించి మరీ గ్లూకోజ్ తయారుచేసుకుంటుంది కాబట్టి, ఉపవాసంతో చిక్కిపోయేది రోగే. సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు) ఉన్నవారిని రాత్రి పడుకునే ముందు కొంచెం తినమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నదీ ఇందుకే. (మధుమేహం, ఫ్యాటీ లివర్ ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతాయన్నది వేరే సంగతి, జబ్బు రాకముందు తీపి తగ్గించుకోవడం మంచిదే.)

ఎంజైమ్‌నే దెబ్బకొట్టాలన్న ఆలోచన పాతదే. 2021లో కోవిడ్ రెండో వేవ్ సమయంలో డీఆర్‌డీవో, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ కలిసి తెచ్చిన 2-డీజీ పొడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. గ్లూకోజ్ వేషంలో కణంలోకి చొరబడి గ్లూకోజ్‌ను విరగ్గొట్టే పనిని మొదట్లోనే స్తంభింపజేసే ఈ అణువు, దశాబ్దాలుగా క్యాన్సర్ ప్రయోగాల్లో ఉన్నదే. చిక్కల్లా మెదడు కూడా గ్లూకోజ్ మీదే ఆధారపడటం. హెక్సోకైనేజ్-2ను మాత్రమే ఆపగల మందు దొరికితే, ఆరోగ్యవంతమైన కాలేయ కణాల్లో అది దాదాపు ఉండదు కనుక, వాటికి హాని తక్కువ. అయితే నానాగ్ అనే ప్రోటీన్ ఈ మూలకణాలను కొవ్వు మండించే దారికి మళ్లిస్తుందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అందువల్ల చక్కెర దారిని మూసే మందును, కొవ్వు దారిని మూసే మందుతో కలిపి పరీక్షించడమే సబబనిపిస్తోంది.