మూడు రంధ్రాలు, తొమ్మిది పాయింట్లు

మహారాజశ్రీ కరెంటు పాయింటు గారి దివ్యసముఖానికి,

విజయవాడ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలిగానీ ఇక్కడ కుశలమేమీ లేదండి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె నడుస్తోంది. ఏసీ హాల్లో అట్టపెట్టెలోనే కూర్చుంది. బిగించడానికొచ్చిన కుర్రాడు గోడ వంక ఒక్కసారి చూసి, "పాయింటు లేదు కదండీ, పెట్టించి ఫోన్ చెయ్యండి" అని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మీ కోసం పిలిచిన ఎలక్ట్రీషియన్ గారు రెండింటికి బెంజి సర్కిల్ దగ్గరున్నారు. మూడున్నరకీ అక్కడే ఉన్నారు. ఐదింటికి "సర్కిల్ దాటుతున్నానండీ" అన్నారు. ఆరింటికి దర్శనమిచ్చి, గోడలు తట్టి, స్విచ్చు పెట్టె అట్ట చింపి దాని వెనక లెక్క రాసిచ్చారు. ఆ అట్టముక్క చూశాకే తమరికి ఉత్తరం రాయక తప్పలేదు.

అడిగింది మూడు సాకెట్లు. పడగ్గదిలో ఏసీకి ఒకటి, వంటింట్లో ఇండక్షన్ స్టవ్‌కి ఒకటి, సోఫా పక్కన ఫోన్ ఛార్జింగ్‌కి ఒకటి. అట్ట మీద ఉన్నది తొమ్మిది పాయింట్లు. మూడు మూళ్ళు తొమ్మిది అని చిన్నప్పుడు వల్లించినందుకు ఇన్నాళ్ళకి అర్థం తెలిసింది.

అసలు పాయింటుకొస్తాను. తమరంటే ఏమిటండీ?

మీటరంటే ఇంత పొడుగని తెలుసు. కిలో అంటే ఇంత బరువని తెలుసు. బస్తా సిమెంటు యాభై కిలోలు. మరి తమరు? "పాయింటుకి మూడొందల యాభై" అంటే తల ఊపేస్తాం, అదేదో కొలతలాగా. అట్ట మీద లెక్క చూడండి. సోఫా దగ్గర సాకెట్ ఒక పాయింటు, దాని స్విచ్చు ఇంకో పాయింటు. స్విచ్చు లేకుండా సాకెట్ పెట్టమంటే "అలా పెట్టకూడదండీ" అంటారు. విడదీయకూడనివి రెండెలా అయ్యాయో అడక్కూడదు. వంటింట్లో 16 ఆంపియర్ల సాకెట్ పవర్ పాయింటట, కాబట్టి డబుల్. దాని స్విచ్చు ఇంకొకటి. వెరసి మూడు. ఏసీకి పవర్ కాబట్టి రెండు, డీబీలో (ఇంటి గదులకి కరెంటు పంచే పెట్టె) ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు) బిగించాలి కాబట్టి ఒకటి, "దూరం ఎక్కువండీ" కాబట్టి మరొకటి. వెరసి నాలుగు. రెండూ మూడూ నాలుగూ తొమ్మిది. తొమ్మిది మూడొందల యాభైలు మూడువేల నూటయాభై. గోడ కటింగ్ అడుగుల లెక్కన వేరే. సామాను వేరే.

టూవే స్విచ్చు సంగతి ఎత్తను. మెట్ల లైటు ఒక్కటే, పైనుంచీ కిందనుంచీ వెలుగుతుంది కాబట్టి తమరు ఇద్దరైపోతారు. కాలింగ్ బెల్లయితే నొక్కేది గుమ్మం బయటా మోగేది లోపలా కాబట్టి అక్కడా ఇద్దరే. షేర్ మార్కెట్లో పాయింట్లు ఒకరోజు పెరిగితే మర్నాడైనా తగ్గుతాయి. తమరికి ఆ రెండో అలవాటు లేదు.

తమరికి నిర్వచనం లేదనుకుంటే అదీ కాదు. సర్కారు కట్టడాలు చూసే కేంద్ర శాఖ సీపీడబ్ల్యూడీ వాళ్ళ ఎలక్ట్రికల్ స్పెసిఫికేషన్లలో పాయింటు వైరింగ్ అంటే ఏమిటో రాసి ఉంది: స్విచ్చు దగ్గర్నుంచి దీపం దాకా వైరింగ్ పూర్తవడానికి కావలసిన పనులన్నీ కలిపి. అంటే సర్కారు క్వార్టర్సుకి వెళ్ళేటప్పుడు తమరు చొక్కా గుండీలు పెట్టుకుని, నిర్వచనం జేబులో పెట్టుకుని వెళ్తారు. పటమట, భవానీపురం, సత్యనారాయణపురం ఇళ్ళకొచ్చేటప్పుడే లుంగీ మీద వస్తారు.

పనికి డబ్బివ్వడం బాధ కాదండి. ఆ పని ఎంతో తెలుసు. ఇటుక గోడలో అంగుళంన్నర ఎడంగా రెండు గీతలు కట్టర్‌తో కోసి, మధ్యది ఉలితో రాల్చి, పైపు పట్టి, దాని మీద అరంగుళం సిమెంటు నిలిచేంత లోతు తియ్యాలి. ఆ దుమ్ములో, ఈ ఎండలో, ఫ్యాను కూడా ఆపేసి. మధ్యలో పిల్లరో బీమో తగిలితే ఆగి చుట్టూ తిరిగి రావాలి, దాన్ని కొయ్యకూడదు. నాలుగున్నర అంగుళాల గోడైతే అడ్డంగా బారుగా కొయ్యకూడదు, బలం పోతుంది. పైకి నిలువుగా ఎక్కించి సీలింగ్ కింద నుంచి తెచ్చుకోవాలి. ఆ చెమటకి ఎంతడిగినా ఇవ్వొచ్చు. కానీ ఆ చెమట అట్ట మీద లేదే! అక్కడున్నది తమరే. ఆరడుగుల కటింగ్‌కీ ముప్ఫై అడుగుల కటింగ్‌కీ సమాధానం తమరే.

ఇక వైరు లెక్క. డీబీ గుమ్మం దగ్గర, ఏసీ వెనక గదిలో. నాలుగడుగులు పైకి, ఇరవై అడుగులు అడ్డంగా, మూడడుగులు కిందికి. ఇరవై ఏడు అడుగులు, అంటే ఎనిమిది మీటర్ల పైచిలుకు. కరెంటు వచ్చే ఫేజు ఎర్రది, తిరిగెళ్ళే న్యూట్రల్ నల్లది, లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ పచ్చది, మొత్తం మూడు వైర్లు. చివర్లలో మిగులు వేసుకున్నా 27 మీటర్లు చాలు. తెమ్మన్నది 4 స్క్వేర్ ఎంఎం మందం వైరు కాయిల్, రంగుకొకటి. కాయిల్ 90 మీటర్లు, మూడు కాయిళ్ళు 270. పదోవంతు గోడలోకి పోతుంది. మిగిలిన 243 మీటర్లు? అందులో ప్లాస్టిక్ వదిలేసి రాగి ఒక్కటే తూచినా ఎనిమిదిన్నర కిలోల పైమాటే. అది "తర్వాత పనికొస్తుందిలెండి" అని ఎవరి సంచిలో సర్దుకుంటుందో ఈ ఉత్తరం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. గవర్నర్‌పేటలో తిరిగితే మీటర్ల లెక్కన కోసిచ్చే కొట్టు దొరుకుతుంది. మీటరుకి కాస్త ఎక్కువ తీసుకున్నా ఒక్క ఏసీకి అదే మేలు. కాకపోతే, ఇంట్లోనే టేపు పట్టి కొలుచుకుని వెళ్ళాలి.

ధరల మాటొచ్చింది కాబట్టి ఒకటి. వైర్లూ స్విచ్చుల మీద జీఎస్టీ 2017 నవంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది. ఏసీ మీద 2025 సెప్టెంబరు 22న అంతే దిగింది. తమరు దిగారా?

గోడ పూడ్చడం తమరి ఖాతాలో లేదట. "అది మేస్త్రీ పనండీ." మేస్త్రీ వచ్చి సిమెంటు మెత్తి వెళ్తాడు. దాని మీద కోడిమెష్ (సన్న ఇనప వల) వెయ్యడు, మూడ్రోజులు తడపమని చెప్పడు. నెల తిరిగేసరికి పైపు వెళ్ళిన దారంతా గోడ మీద సన్నగా నెర్రె విచ్చి, తమరెక్కడెక్కడ తిరిగారో మ్యాపు గీసి చూపిస్తుంది. లప్పం రెండు కోట్లు, ప్రైమరు, రంగు. పాత రంగులో కొత్త ముక్క కలవదు కాబట్టి గోడంతా వెయ్యాలి. ఒక గోడ కొత్తదైతే మిగతా మూడూ ముసలివి కనిపిస్తాయి. ఛార్జరు పెట్టుకోవడానికి మొదలైన పని పెయింటర్ బయానాలో తేలుతుంది.

ఇంత ఖర్చెందుకని జనం ఏం చేస్తారో తమరికి తెలియదా? జంక్షన్ బాక్సు కొంటారు. వంటింట్లో ఉన్న ఒక్క 6 ఆంపియర్ల సాకెట్‌కి అది తగిలించి, దాంట్లో ఫ్రిజ్జు, మిక్సీ, ఇండక్షనూ పెడతారు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 230 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకి కాస్త తక్కువ లాగుతుంది. ఆ ఆరు ఆంపియర్ల సాకెట్ 1380 వాట్లకి మించి మొయ్యలేదు. లావు కాళ్ళ ప్లగ్గు సన్నకన్నాల్లో దూరదు కాబట్టి మధ్యలో ముప్ఫై రూపాయల కన్వర్టర్ ఒకటి. సాకెట్ ముందు గోధుమరంగు తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత వాసనొస్తుంది. గోడలో 1 స్క్వేర్ ఎంఎం వైరు ఉంటే అది ఎక్కడ ఉడుకుతోందో కంటికి కనపడదు కూడా. "ఎంసీబీ పడుతుందిగా" అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీకి తొమ్మిది ఆంపియర్లు లెక్కలోకే రావు. అది నిద్రపోతూనే ఉంటుంది.

పోనీ తొమ్మిది పాయింట్లకీ డబ్బు కట్టాం. పని సరిగా వచ్చిందా? ఇక్కడ, మన్నించాలి, మర్యాద నా వల్ల కావడం లేదు.

ఎంసీబీ ఆపేసి ఆ స్విచ్చు ప్లేటు ఒకసారి ఊడదీసి చూడు. స్విచ్చు ఒక మాడ్యూలు (ప్లేటులో ఒక గడి), సాకెట్ రెండు, మొత్తం మూడు మాడ్యూళ్ళ పెట్టె. స్క్రూలు విప్పితే చాలు. లోపల ఎర్ర వైరు చివర పావంగుళం రాగి బయట వేలాడుతుంటుంది. నల్ల వైరుకి తొక్క సరిగా తియ్యకుండానే దూర్చారు, స్క్రూ రాగిని కాకుండా ప్లాస్టిక్‌ని కరిచి పట్టుకుంది. వేలితో లాగితే చేతికొస్తుంది. వదులు జాయింట్‌లో కరెంటు వేడెక్కిస్తుంది, వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వేసవిలో కాలిపోయిన ఏసీ ప్లగ్గుల్లో ఎన్నో ఇలా మొదలైనవే. సన్నటి పోగుల వైరయితే తొక్క అరంగుళం లోపు తీసి, పోగులు మెలిపెట్టి, మడిచి, స్క్రూ రాగి మీద గట్టిగా బిగిస్తే సరిపోతుంది. రెండు నిమిషాల పని. తొమ్మిది పాయింట్లలో ఆ రెండు నిమిషాలకి చోటు లేదు.

ఇక పచ్చ వైరు. పైపులోంచి పెట్టెలోకి వచ్చింది. అక్కడే కోసి వెనక్కి మడిచారు. సాకెట్ పై కన్నానికి ఏదీ తగిలించలేదు. ఆ కన్నం అందుకే పెద్దది, ఆ ప్లగ్గు కాలు అందుకే పొడుగు, అన్నిటికన్నా ముందు తగిలి అన్నిటికన్నా చివర విడిపోవాలని. గీజరు లోపల ఎలిమెంట్ పగిలి నీళ్ళలోకి కరెంటొస్తే దారి ఇవ్వాల్సింది అదే. మిగతా పనంతా దగ్గరుండి లెక్కలేసినవాడివి, దూరానికో పాయింటు, డీబీకో పాయింటు కట్టించుకున్నవాడివి, ప్రాణానికి ఒక పాయింటు వెయ్యడం రాలేదా నీకు? కొన్నిచోట్ల ఇంతకన్నా ఘోరం, పచ్చ వైరు లేదని సాకెట్‌లోనే నల్లదాన్నీ పై కన్నాన్నీ చిన్న ముక్కతో కలిపేస్తారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్జు తలుపంతా ఫేజే. టెస్టరు పెట్టి "లైటొస్తోంది చూడండి" అని చూపిస్తారే, ఆ టెస్టరు ఫేజు ఉందని మాత్రమే చెప్తుంది. ఎర్త్ సంగతి దానికి పట్టదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్టు ల్యాంపు పెట్టించి చూడాలి. నిండుగా వెలగాలి, లేదా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉంటే టప్పున పడిపోవాలి. రెండిట్లో ఏదీ జరగకపోతే బిల్లు ఇవ్వకు. ఈ మాట నీకు కాదు, ఈ ఉత్తరం చాటుగా చదువుతున్నవాళ్ళకి.

మళ్ళీ మర్యాదలోకి వస్తున్నానండి. తమరు లేకుండా గడవదని తెలుసు. ఇల్లు కట్టేటప్పుడే, గోడకి ప్లాస్టరింగ్ కాకముందే, బిల్డరు వంటింట్లో నాలుగు, గదికి రెండు పవర్ సాకెట్లు వేసి ఉంటే తమరి అవసరమే వచ్చేది కాదు. సామాను ఖరీదు తప్ప పెద్ద ఖర్చుండేది కాదు. ఆ రోజు "ఎక్స్‌ట్రా వర్క్" అని అదే బిల్డరు అడిగిన రేటుకి భయపడ్డారు జనం. తమరి బంధువే కదా ఆ మాట కూడా.

కాబట్టి మనవి ఇది. తమరి స్థానంలో మూడు లైన్లు చాలు. కటింగ్‌తో కలిపి పైపు మీటరుకి ఇంత. బిగించిన పెట్టెకి, లోపల స్విచ్చు ఉన్నా సాకెట్ ఉన్నా, ఇంత. డీబీలో ఎంసీబీకి ఇంత. అలా రాసిస్తే మారు మాట్లాడకుండా సంతకం పెడతాను, పైన టీ కూడా. మిగిలిన వైరు మాత్రం ఇక్కడే ఉంటుంది. అట్టపెట్టెలో ఏసీ పక్కన చోటు ఉంది.

ఇట్లు,
తమరి తొమ్మిది పాయింట్ల బాకీదారు

తా.క.: ఇప్పుడే ఫోన్ వచ్చింది. కటింగ్ మిషన్ బ్లేడు అరిగిందట, కొత్తది కొనుక్కుని వస్తున్నారట. బెంజి సర్కిల్ దగ్గరున్నారు.