గది తలుపు తీసే ఉంచండి

క్రైస్తవ సంఘానికి ఒక పెద్ద ముప్పు ఉంది. ఎవరికీ చెప్పకుండా ప్రార్థన చేసుకునేవాళ్లు అక్కడక్కడా ఇంకా మిగిలే ఉన్నారు. వీళ్లు పొద్దున్నే లేస్తారు, మోకాళ్లూనుతారు, లేచి తమ పని తాము చూసుకుంటారు. స్టేటస్ పెట్టరు. ‘ఈ ఉదయం ప్రభువు నాతో మాట్లాడిన మాట’ అని నలుగురికీ ఫార్వర్డ్ చెయ్యరు. అడిగితే మాట మార్చేస్తారు. ఇలాంటివాళ్ల వల్ల ఎవరి భక్తి ఎంతో లెక్క తేలక, ఆ లెక్కలు చూసే మాబోటివాళ్లం ఎంత టెన్షన్ పడుతున్నామో ఎవరికీ పట్టదు.

ఈ గొడవంతా మత్తయి సువార్త 6వ అధ్యాయంతో మొదలైంది. కొండమీది ప్రసంగంలో యేసు ప్రభువు వరసగా మూడు విషయాలు ఎత్తుకున్నాడు: ధర్మం, ప్రార్థన, ఉపవాసం. విశ్వాసికి నలుగురిలో పేరు తెచ్చిపెట్టేవి సరిగ్గా ఆ మూడే కావడం గమనించాలి. ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దట. ప్రార్థనకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలట. ఉపవాసం ఉన్న రోజు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోవాలట. చివరిది మరీ అన్యాయం. పొద్దుట్నించీ కడుపు మాడ్చుకున్న మనిషి నిగనిగలాడుతూ నలుగురిలోకి వస్తే అతని త్యాగం ఎవరికి తెలుస్తుంది?

మనవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి వాక్యం మీరకుండానే దారి కనిపెట్టారు. తలుపు వేసుకోమన్నారు, వేసుకుంటాం. వేసుకునే ముందు ‘రెండు గంటలు ఫోన్ చెయ్యకండి, ప్రభువు సన్నిధిలో ఉంటాను’ అని గ్రూపులో పెట్టకూడదని ఏ వచనంలోనూ లేదు. బూర వద్దన్నారు, బ్యానర్ సంగతి ఎత్తలేదు. ఉపవాసం గురించి మనంతట మనం చెప్పుకోం. ఎవరైనా ఏదైనా తినమంటే ‘వద్దండీ, ఈరోజు...’ అని అక్కడ ఆపుతాం. ఆ మూడు చుక్కల్లో ఉన్న పరిశుద్ధత మూడు రోజుల ఉపవాసంలో కూడా ఉండదు.

ఇంకా ఎవరైనా వాదిస్తే 5వ అధ్యాయం ఉండనే ఉంది. ‘మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి’ అని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. మనుషులు ఆ మంచి పనులు చూసి పరలోకంలో ఉన్న తండ్రిని మహిమపరచాలని అదే వచనంలో ఇంకో ముక్క కూడా ఉంది గానీ, ఫొటో కింద అంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారు?

పాతకాలం వాళ్లూ తక్కువ తినలేదు. ఆదిమ సంఘపు బోధలు చెప్పే దిడాకే అనే గ్రంథం, వేషధారులతో పాటు ఉపవాసం ఉండవద్దని గట్టిగా హెచ్చరించింది. విరుగుడు కూడా అదే చెప్పింది: వాళ్లు సోమవారం, గురువారం ఉంటారు కాబట్టి మీరు బుధవారం, శుక్రవారం ఉండండి. సంస్కరణ అంటే ఇలా ఉండాలి. మనసు జోలికి పోకుండా క్యాలెండర్‌తో సరిపోవాలి.

అసలు జనం కంట పడకూడదనుకున్నవాళ్ల గతి ఏమైందో చూడండి. 5వ శతాబ్దంలో సిరియాలో సిమియోను అనే సన్యాసి, తనను చూడవచ్చే జనం తాకిడి భరించలేక ఒక స్తంభం ఎక్కి కూర్చున్నాడు. స్తంభం మీద కూర్చున్న సన్యాసిని చూడ్డానికి ఇంకా ఎక్కువమంది వచ్చారు. మొదట 6 మూరల స్తంభం, తర్వాత 12, ఆపైన 22, ఆ తర్వాత 36 మూరలు అని అతణ్ణి ఎరిగిన థియోడొరెట్ అనే బిషప్పు రాసిపెట్టాడు. స్తంభం పెరిగినకొద్దీ జనమూ పెరిగారు. ముప్పై ఏళ్లకు పైగా పైనే గడిపి అతను 459లో చనిపోయాక ఆ స్తంభం చుట్టూ పెద్ద చర్చి కట్టారు. అతని చిత్తశుద్ధిని శంకించే అర్హత నాకు లేదు. ఆ మూరల లెక్క మాత్రం మన ప్రచార విభాగాలు గోడకు అంటించుకోదగ్గది.

అబ్బా (అంటే ‘తండ్రి’) మోషే అనే సన్యాసి కథ ఇంకా బాధాకరం. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఉండేవాడు, ఒకప్పుడు దొంగ. పేరు విని ఒక పెద్ద అధికారి తనను చూడ్డానికి వస్తున్నాడని తెలిసి చిత్తడి నేలల వైపు పారిపోయాడు. దారిలో ఆ అధికారి బృందమే ఎదురై ‘మోషే గారి కుటీరం ఎక్కడ?’ అని అడిగితే, ‘ఆయనతో మీకేం పని? వాడొక పిచ్చివాడు’ అని చెప్పి పంపేశాడట. అధికారి పక్కన ఫొటోలో చోటు కోసం ఎంతమంది సేవకులు ఎన్ని గుమ్మాల ముందు పడిగాపులు పడతారో తెలిసినవాళ్లకు ఇది వింటే కడుపు తరుక్కుపోతుంది.

వినయాన్ని అలా ఎడారిలో పారబోసుకోనక్కర్లేదు. మైకు పట్టుకుని, గొంతు కాస్త వణికించి, ‘పాపులలో నేను ప్రధానుడను’ అని పౌలు మాట చెబితే చాలు, కూర్చున్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. ఒక జాగ్రత్త: ముందు వరసలోంచి ఎవడైనా లేచి ‘అవునన్నా, నాక్కూడా చాన్నాళ్లుగా అదే అనిపిస్తోంది’ అంటే, వచ్చే వారానికి అతను వేరే సంఘం చూసుకోవలసి ఉంటుంది.

మనుషుల మెప్పు కోసం చేసేవాళ్ల గురించి ‘వారు తమ ఫలము పొందియున్నారు’ అని ప్రభువు అన్నాడు. దీన్ని కొందరు మందలింపు అంటారు. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాదు. చేసిన పనికి అక్కడికక్కడే, చప్పట్లలో, బాకీ లేకుండా చెల్లింపు అయిపోయింది. చాటుగా చేసినవాళ్లకు రహస్యంలో చూసే తండ్రి ఇస్తాడన్న ప్రతిఫలానికి తేదీ వేసి లేదు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ప్రభువే మెచ్చుకున్నాడు, నిజమే. కానీ ఆమె పేరు సువార్తలో లేదు. దాతల బోర్డు మీద మేమేం రాయాలి?

పైగా రహస్యంలో చూసే తండ్రితో ఇంకో చిక్కు ఉంది. చాటుగా వేసిన కానుకను చూసే కన్ను, చాటుగా ఉంచుకున్న మిగతావన్నీ కూడా చూస్తుంది. మనుషుల కళ్లతో ఈ ఇబ్బంది లేదు. ఎంత చూపిస్తే అంతే చూస్తాయి.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలోని అననీయ, సప్పీరా దంపతులు ఈ తేడా తెలియకే దెబ్బతిన్నారు. పొలం అమ్మి, కొంత దాచుకుని, మిగిలింది తెచ్చి అదే మొత్తమన్నట్టు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టారు. దాచుకోవడం నేరమేమీ కాదు. అమ్మక ముందు పొలం నీదే, అమ్మాక డబ్బూ నీ చేతిలోదే కదా అని పేతురే అన్నాడు. ‘ఇది కొంతే’ అని చెబితే సరిపోయేది. ‘కొంత ఇచ్చినవాళ్లు’ అన్న పేరు వాళ్లకు ఆనలేదు. భర్త అక్కడికక్కడే పడి చనిపోయాడు. మూడు గంటల తర్వాత, జరిగింది తెలియక వచ్చి అదే అబద్ధం చెప్పిన భార్యా పడిపోయింది. అతణ్ణి పాతిపెట్టి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పడుచువాళ్లు ఆమెనూ మోసుకెళ్లారు.

కానుకలు పట్టే ముందు ఈ అధ్యాయం చదవగా నేనెక్కడా వినలేదు. చదవాల్సిందేనని ఎవరైనా పట్టుబడితే మా కమిటీ అడ్డు చెప్పదు. ఆ ఆదివారం గుమ్మం దగ్గర మోసేవాళ్లను మాత్రం కాస్త ఎక్కువమందిని పెట్టాలని మనవి.