ధమని గోడ పిలుపు, మోనోసైట్ పరుగు

గుండె జబ్బు గురించి మన ఆలోచన కొలెస్టరాల్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. ధమని లోపలి పొర కిందికి చెడు కొలెస్టరాల్ చేరడం తొలి మెట్టే గానీ, అక్కడ ఫలకం, అంటే కొవ్వు పేరుకున్న గడ్డ, ముదరాలంటే రక్తంలోని మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గోడలోకి చొరబడాలి. దెబ్బతిన్న గోడ సీసీఎల్2 అనే కీమోకైన్‌ను, అంటే కణాలను పిలిచే సంకేత ప్రోటీన్‌ను, వెలువరిస్తుంది. మోనోసైట్ ఉపరితలం మీది సీసీఆర్2 గ్రాహకం దాన్ని పసిగడుతుంది. అలా లోపలికి వచ్చిన కణం మాక్రోఫేజ్ అనే భక్షక కణంగా మారి, కొవ్వును మింగి నురగ కణమవుతుంది. 1998లో, ధమని జబ్బు వచ్చేలా పెంచిన ఎలుకల్లో సీసీఆర్2 జన్యువును తొలగించి చూస్తే, రక్తంలో కొవ్వులు ఏమాత్రం తగ్గకపోయినా ఫలకాలు గణనీయంగా తగ్గాయి.

అంత స్పష్టమైన ఫలితం వచ్చి పాతికేళ్లు దాటినా, ఈ గ్రాహకాన్ని అడ్డుకునే గుండె మందు ఇంకా వాడకంలోకి రాలేదు. ఎముక మజ్జ నుంచి మోనోసైట్లను రక్తంలోకి రప్పించేదీ సీసీఆర్2నే కనుక, అది లేని ఎలుకలు లిస్టీరియా బ్యాక్టీరియాను తట్టుకోలేకపోయాయి. సీసీఆర్2కు దగ్గరి బంధువైన సీసీఆర్5 గ్రాహకం కథా ఇలాంటిదే. దాని జన్యువులో 32 డీఎన్‌ఏ అక్షరాలు లోపించిన ప్రతులు రెండూ సంక్రమించినవారికి హెచ్‌ఐవీ సోకడం చాలా అరుదు. ఆ గ్రాహకాన్ని మూసే మారవిరాక్ 2007లో మందుగా వచ్చింది. అయితే అదే లోపం ఉన్నవారికి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువ. సీసీఆర్2ను ఏళ్ల తరబడి మూసి ఉంచే మందు నాకు ప్రమాదకరంగా తోచడానికి కారణం ఇదే.

కొద్ది రోజులు మాత్రమే మూస్తే? గుండెపోటు వచ్చిన వెంటనే మజ్జ, ప్లీహం నుంచి మోనోసైట్లు వెల్లువెత్తుతాయి. ఆ వెల్లువ పాత ఫలకాలను కూడా రగిలిస్తుందని ఎలుకల్లో తేలింది. ఇక్కడ ఆశకు చోటుంది, చిక్కూ ఉంది. చచ్చిన గుండె కండరాన్ని తొలి రోజుల్లో శుభ్రం చేసేది సీసీఆర్2 ఉన్న మోనోసైట్లే, ఆ తర్వాతే మచ్చ కట్టే రెండో రకం కణాలు వస్తాయి. తొలి గుంపును పూర్తిగా ఆపితే శిథిలాలు మిగిలి, గాయం మానదు. అదుపు లేకుండా వదిలితే గుండె గోడ పలచబడి సాగిపోతుంది. కాబట్టి ఈ మందును మనుషుల్లో పరీక్షించేవారు మోతాదు కన్నా ముందు తేల్చవలసింది, గుండెపోటు తర్వాత ఏ రోజున మొదలుపెట్టి ఏ రోజున ఆపాలన్నది.