ముట్టుకోవద్దన్న బతుకమ్మ

దసరా సెలవులు ఇచ్చే ముందు రోజు హన్మకొండలోనో, వరంగల్‌లోనో ఏదైనా ప్లేస్కూల్ ముందు కాసేపు నిలబడి చూడండి. లోపల టేబుల్ మీద పిల్లల కంటే ఎత్తైన బతుకమ్మ ఉంటుంది. పేర్చింది టీచర్లు, ఆయమ్మలు. పట్టు లంగాల్లో, జరీ పంచెల్లో మూడేళ్ల పిల్లలను దాని చుట్టూ వరుసగా నిలబెడతారు. ఓ పాప చెయ్యి చాపి గునుగు పువ్వు అందుకోబోతుంది. ‘ముట్టుకోకు, ఖరాబైతది’ అని వెనక నుంచి కేక. ఫొటో తీస్తారు. పది నిమిషాల్లో అది పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది, కింద ‘ఫెస్టివల్ యాక్టివిటీ’ అని రాసి.

యాక్టివిటీ ఎవరు చేసినట్టు? టీచర్లు పేర్చారు, ఫోన్ ఫొటో తీసింది, పిల్లలు వరుసలో నిలబడ్డారు. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి ఆవరణ పట్టనంత మంది ఆడపడుచులు ఆడే ఊరిది. ఇక్కడి పాపకు బడిలో బతుకమ్మ గురించి తెలిసిన మొదటి సంగతి, దాన్ని ముట్టుకోకూడదని!

అదే పూలను కుప్పగా పోసి పిల్లల ముందు పెట్టి చూడండి. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు. ఎవరూ చెప్పకుండానే రంగు చూసి వేరు చేయడం మొదలుపెడతారు. తాంబాలంలో కింది వరుసకు పూలు ఎక్కువ పడతాయి, పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. ‘దీనికి ఎన్ని పట్టినయ్? మీది వరుసకు తక్కువెందుకు పట్టినయ్?’ అని టీచర్ అడిగితే చాలు, అంతకు మించిన లెక్కల పాఠం నర్సరీలో లేదు. గునుగు కాడను విరగకుండా పట్టుకుని రంగునీళ్లలో ముంచి తీయడం చిన్న పని కాదు. రేపు పెన్సిల్ పట్టాల్సిన వేళ్లకు అదే కసరత్తు. పొద్దున తెచ్చిన పూలలో మధ్యాహ్నానికి ఏది ముందు వాడింది, నీళ్ల తొట్టిలో వేస్తే ఏది తేలింది, ఏది మునిగింది... ఒక్క పండగతో వారం రోజులు గడిచిపోతాయి. కాకపోతే పిల్లలు పేర్చిన బతుకమ్మ వంకరగా ఉంటుంది, ఓ పక్కకు ఒరుగుతుంది. ఫొటోలో బాగుండదు. యాజమాన్యాల అసలు బాధ అక్కడే ఉంది.

బతుకమ్మ ఒక్కటే అయితే ఇంత రాసేవాళ్లం కాదు. ఏడాది పొడవునా ఇదే వరస. రెడ్ డే అంటారు, ఎర్ర గౌను కొనమంటారు, టమాటా పట్టుకుని ఫొటో. మ్యాంగో డే అంటారు, మామిడిపండు చేతిలో పెట్టి ఫొటో, ఫొటో అయ్యాక పండు వెనక్కి. తొక్క ఒలవనివ్వరు, టెంక కడగనివ్వరు, బట్టలు ఖరాబైతయట. క్రాఫ్ట్ అని ఇంటికి పంపింది రాత్రి పదకొండు గంటలకు అమ్మ గ్లూ పూసి అతికిస్తుంది, తెల్లారి పిల్లాడి పేరు మీద గోడకెక్కుతుంది. పొనికి కర్రతో బొమ్మలు చేసే నిర్మల్ మన ఉత్తర తెలంగాణలోనే ఉంది. మన ప్లేస్కూళ్లలో ఉండేవి మాత్రం ప్లాస్టిక్ బొమ్మలు. అవీ అద్దాల బీరువాలో, తాళం వేసి. అడ్మిషన్‌కు వచ్చిన తల్లిదండ్రులకు చూపించడానికి.

బోర్డుల మీద ‘మాంటిస్సోరి’ అని రాయించుకోవడానికి పెయింటర్ ఒక్కడు చాలు. 1907లో రోమ్ నగరంలోని ఓ పేదల వాడలో ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచింది. 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి టీచర్లకూ శిక్షణ ఇచ్చింది. పిల్లాడు తనకు కావలసిన వస్తువు తానే తీసుకుని, తన చేతులతో పని చేసుకోవాలి, పెద్దలు పక్కకు జరిగి చూడాలి అన్నది ఆమె పద్ధతికి ప్రాణం. ఆ బోర్డు కిందే మూడున్నరేళ్ల పిల్లాడు నాలుగు గీతల కాపీలో ‘ఏ’ ఒక పేజీ, ‘బి’ ఒక పేజీ రాస్తున్నాడు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే పెట్టొద్దని, ఆటే పాఠం కావాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. జూన్‌లో ఫీజుతో పాటు అమ్మే పుస్తకాల కట్ట బరువు ఎంతో ఆ యాజమాన్యాలనే అడగాలి.

సర్కారు వైపు చూస్తే అక్కడా ఫొటోనే. అంగన్‌వాడీలను నడిపేది 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం). అందులో పోషకాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒక సేవ. రాష్ట్రంలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఒక టీచర్, ఒక ఆయమ్మ. పిల్లల బరువులు తూచాలి, గుడ్లు, పాలు లెక్క చెప్పాలి, సర్వేలకు తిరగాలి, చాలాచోట్ల ఓటరు జాబితా పనీ వాళ్లదే. 2021 నుంచి కేంద్రం వివరాలు ఫోన్‌లో ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, తర్వాత అంగన్‌వాడీలో పోషకాహారం తీసుకెళ్లేవారి ముఖం గుర్తింపూ తోడైంది. సిగ్నల్ అందని ఏటూరునాగారం అడవి పల్లెల్లో టీచర్ ఫోన్ పైకెత్తి పట్టుకుని తిరుగుతుంటే, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు ఆమె తమతో ఎప్పుడు మాట్లాడుతుందా అని చూస్తుంటారు. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ పిల్లల సంగతీ ఇంతే. ఆ టీచర్‌ను మేము తప్పు పట్టడం లేదు. ఆట ఆడించలేదని ఆమెకు ఎవరూ మెమో ఇవ్వరు. ఫొటో అప్‌లోడ్ కాకపోతే ఇస్తారు.

తల్లిదండ్రులే ఫొటోలు అడుగుతున్నారని యాజమాన్యాలు అంటాయి, ఫొటో లేకపోతే పని జరిగిందని నమ్మేదెట్లా అని అధికారులు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. అయితే ఫొటో దిగడమే పనైపోయాక, అది ఏం జరిగిందని సాక్ష్యం చెబుతుంది? ప్రైవేటులో తల్లిదండ్రుల కోసం, సర్కారులో పై ఆఫీసు కోసం. పిల్లాడి కోసం ఎక్కడ? ఇప్పుడు సర్కారు బడుల్లోనూ ప్రీ ప్రైమరీ తరగతులు తెరుస్తున్నారు. అక్కడికీ ఇదే అలవాటు పాకితే, ఆ తరగతులు అద్దాల బీరువాకు ఇంకో అర అవుతాయి, అంతే.

దీనికి బడ్జెట్ లేదని ఎవరూ అనొద్దు. చెరువు మట్టి ఉచితం. తడిపి ముద్ద చేసి ఇస్తే ఎడ్లబండి, రొట్టె, పాము, ఏది కావాలంటే అది చేసుకుంటారు. ఓమనగుంటల ఆటకు చింతగింజలు చాలు (ముక్కులో పెట్టుకునే వయసు, ఆయమ్మ కన్ను వాటి మీదే ఉండాలి; మూడేళ్ల లోపు వాళ్లకు అసలు ఇవ్వొద్దు). పెసలు, కందులు కలిపి చాటలో పోసి వేరు చేయమంటే అరగంట గది నిశ్శబ్దం. రేగుపళ్ల కాలంలో రేగుపళ్లు, సీతాఫలాల కాలంలో సీతాఫలం గింజలు. ఊళ్లోని కుమ్మరి సారె తిప్పుతుంటే ఒక పూట చూపించి రావచ్చు. ఇవేవీ ఫొటోలో మెరవవు. పిల్లల చేతులకు మట్టి, బట్టలకు మరకలు, నేల మీద చెత్త.

జిల్లా అధికారులు తనిఖీకి వెళ్తే రిజిస్టర్ పక్కన పెట్టి ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. యాజమాన్యాలు ఈ ఏడాది పేర్చే పని పిల్లలకు వదలండి, ఒరిగితే ఒరగనివ్వండి. ఇక అమ్మానాన్నలూ, ‘మా పాప ఫొటోలో సరిగ్గా పడలేదు మేడం’ అని గ్రూపులో మెసేజ్ పెట్టేది మీరే. సాయంత్రం ఇంటికొచ్చిన పాప అరచేతులు ఒక్కసారి తెరిచి చూశారా? వాటికి ఏ పువ్వు రంగైనా అంటిందా?